పాము లోపల ఏముంది?

ప్రతి ఇంట్లోనూ పాముల గది ఒకటి ఉండి తీరాలి!

వంటగది లేకపోయినా నష్టం లేదు, హోటళ్ళున్నాయి. పడకగది లేకపోతే సోఫా ఉంది. పాముల గది లేని ఇల్లు మాత్రం ఇల్లు కాదు, పైన కప్పున్న ఖాళీ స్థలం, అంతే. నేను అతిశయోక్తులు చెప్పే మనిషిని కాను. చలికాలంలో ఇళ్ళను వెచ్చబెట్టే ఫర్నేసులు బాగుచేసుకుని బతికేవాణ్ణి. ఫర్నేసు ఫిల్టరు ఎప్పుడు మార్చాలో, నీళ్ళ పైపులు గడ్డకట్టకుండా ఏం చేయాలో ఏళ్ళ తరబడి ఈ పత్రికలో రాస్తున్నాను. ఫిల్టర్ల విషయంలో మిమ్మల్ని ఎన్నడైనా తప్పుదోవ పట్టించానా? మరి పాముల విషయంలో ఎందుకు పట్టిస్తాను?

పాములంటే ఏవో పాములు కావు. బాల్ పైథాన్లు. పేరుకు కొండచిలువ జాతే గానీ, నిలబెడితే మనిషి ఛాతీ దాకా వస్తే గొప్ప. భయం వేస్తే తలను మధ్యలో దాచుకుని బంతిలా చుట్టుకుపోతుంది. కరవాలన్న ఆలోచన దానికి అన్నిటికంటే చివర్న వస్తుంది. మా ఒహాయో రాష్ట్రం మొత్తం మీద ఇంత మర్యాదగల ప్రాణి మరొకటి లేదు. మా చర్చి కమిటీని కూడా కలుపుకునే చెబుతున్నాను.

ఐతే ఊరికే పెంచుకుంటే చాలదు. జత కలపాలి, గుడ్లు పెట్టించాలి, పొదిగించాలి, పిల్లల్ని అమ్మాలి. ఒక్క పామును తెచ్చుకుని దాని మొహం చూసుకుంటూ కూర్చోవడం ఒట్టి సోమరితనం. అలాంటి సోమరులు ఇప్పుడు దాదాపు కనబడరు. దేశం ముందుకు పోతోందనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

లాభాలు చెబుతాను, వినండి.

ముందుగా దాంపత్య శాంతి. నేనూ మా ఆవిడ లోర్నా పెళ్ళైన నాటి నుంచీ థర్మోస్టాట్ దగ్గర యుద్ధం చేస్తూనే ఉన్నాం. ఆవిడ పెంచడం, నేను తగ్గించడం. ఫర్నేసులవాడి పెళ్ళానికి వెచ్చదనం కరువైందే అని ఆవిడ సాధింపు. పాములు రాగానే ఆ గొడవ ఒక్క దెబ్బతో తీరిపోయింది. ఇంట్లో ఎంత వేడి ఉండాలో నేనూ చెప్పలేదు, ఆవిడా చెప్పలేదు. పాములు చెప్పాయి! జత కట్టాలంటే వాటికి కాస్త చల్లదనం కావాలి. కనుక చలికాలమంతా ఇంటిని చల్లగా ఉంచాను. లోర్నా కోటు తొడుక్కుని, ఉన్ని టోపీ పెట్టుకుని, బల్ల దగ్గర కూర్చుని బీఫ్ నూడుల్స్ తినేది. ఒక్క మాట అనేది కాదు. అంత ప్రశాంతంగా మా ఇంట్లో భోజనాలు ఎన్నడూ జరగలేదు.

ఇక బంధువులు. లోర్నా చెల్లెలు ప్రతి థాంక్స్‌గివింగ్‌కూ వచ్చి, పండక్కి వండిన టర్కీ కోడి అయిపోయి, దాని ఎముకలు సూపయ్యేదాకా కదిలేది కాదు. ఆ ఏడు ఐసు ముక్కల కోసం ఫ్రీజరు తెరిచింది. బఠాణీల సంచి కింద, పాముల మేతకని తెప్పించిన ఎలుకలు కవర్లలో బుద్ధిగా పడుకుని ఉన్నాయి. ఒకటే కేక! టర్కీ ఇంకా పొయ్యిలోంచి బయటికి రాకముందే ఆవిడ కారు వీధి మలుపు తిరిగిపోయింది. ఆదివారం మధ్యాహ్నం ఆపిల్ పై కోసం వచ్చే పాస్టరు గారు కూడా అప్పటినుంచి కారు దిగకుండానే మమ్మల్ని ఆశీర్వదించి, హారను కొట్టి వెళ్ళిపోయేవారు. ఆపిల్ పై అంతా మాకే మిగిలింది.

జుట్టు ఆరోగ్యం సంగతి కూడా చెప్పాలి. గడ్డకట్టిన ఎలుకను పాము ముట్టదు. వేణ్ణీళ్ళలో నానబెట్టి, ఆ తరువాత తలకు కాస్త వేడిగాలి పట్టించాలి. అప్పుడు అది బతికున్న ఎలుకే అనుకుని మింగుతుంది. వేడిగాలి మన ఇళ్ళలో ఎక్కడ దొరుకుతుంది?

“వెండెల్! నా హెయిర్ డ్రయ్యర్ ఏదయ్యా?” అని స్నానాల గదిలోంచి లోర్నా కేకేసింది.

“ఎలుకకు పట్టిస్తున్నా. అయిపోవచ్చింది, ఇస్తానుండు.”

స్నానాల గది తలుపు తెరుచుకోబోయి మళ్ళీ మూసుకుంది.

“వద్దులే. నువ్వే ఉంచుకో.”

ఆ రోజు నుంచి లోర్నా జుట్టు పెరట్లో ఎండకు ఆరబెట్టుకుంటోంది. నిగనిగలాడుతోంది. నాకు ఒక్క థాంక్స్ కూడా చెప్పలేదు.

ఇన్ని లాభాలున్నాయి కదా, ఎలా మొదలుపెట్టాలి అంటారా? నేను మొదలుపెట్టినట్టే మొదలుపెట్టండి. అంటే, ఇంకేదో పని మీద వెళ్ళండి.

నేను డ్వేన్ క్రాట్జర్ ఇంటికి ఫర్నేసు బాగుచేయడానికి వెళ్ళాను. డ్వేన్ మా కౌంటీలో పాములకు పెద్ద దిక్కు. అతని సెల్లారులో నేల నుంచి కప్పు దాకా సొరుగులే సొరుగులు. బట్టల బీరువా సొరుగుల్లా ఉంటాయి, లాగితే బట్టలకు బదులు పాములుంటాయి. ఒకటి అరటిపండు పసుపు. ఒకటి నారింజ. ఒకదానికి ఒళ్ళంతా తెల్లటి మచ్చలు, పాల డబ్బాలో పడి లేచినట్టు. నేను నోరెళ్ళబెట్టుకుని చూస్తుంటే డ్వేన్ ఇంకో సొరుగు లాగాడు.

“ఇదిగో ఇది చూడు. ఏం కనబడుతోంది?”

“గోధుమరంగు పాము.”

“అక్కడే పప్పులో కాలేశావ్! ఇది ఉత్త గోధుమరంగు పాము కాదు. దీని లోపల తెలుపుంది.”

“ఎక్కడ?”

“లోపలయ్యా, లోపల! దీని తండ్రి తెల్లమచ్చలది. ఆ మచ్చ దీంట్లో దాక్కునుంది. ఇలా లోపల దాచుకున్న మగదాన్నీ, ఆడదాన్నీ జత కలిపావనుకో, నాలుగు గుడ్లలో ఒక దాంట్లోంచి తెల్లమచ్చల పిల్ల రావచ్చు. లాటరీ తగిలినట్టే! ఎప్పుడూ పామును కొనకు వెండెల్. పాము లోపలున్నదాన్ని కొను.”

ఇంత లోతైన మాట మా పాస్టరు గారి నోట కూడా నేను వినలేదు. ఎటునుంచి చూసినా ఒకేలా ఉండే రెండు గోధుమరంగు పాముల్ని, వాటి లోపల కనబడని తెలుపుతో సహా కొనుక్కుని ఇంటికొచ్చాను. ఫర్నేసు బాగుచేయడం మరిచిపోయానని దారిలో గుర్తొచ్చింది.

గుమ్మం దాకా వచ్చి డ్వేన్ ఒక హెచ్చరిక కూడా చేశాడు.

“పేర్లు మాత్రం పెట్టకు. పేరు పెట్టావా, ఇక అమ్మలేవు. నంబర్లెయ్యి.”

ఇంట్లో వాటికి చోటు కావాలి కదా. లోర్నాకు బొంతలు కుట్టుకునే గది ఒకటుంది. తూర్పు కిటికీ, పొద్దున్నే మంచి వెలుతురు. ఆ గదిని పాములకు కేటాయించి, బొంతల చట్రాన్ని గరాజ్‌లో కారు పక్కన పెట్టాను. ఆవిడకు కారు అద్దంలో తన పని తాను చూసుకునే సౌకర్యం కూడా కలిగింది. అయినా తృప్తి పడలేదు.

“ఒక్క సీజను,” అంది. “ఒక్కటంటే ఒక్కటే. ఆ తెల్లమచ్చల పిల్ల పుట్టిందా, గది నీది, నా నోరు కుట్టేసుకుంటాను. పుట్టలేదా, వచ్చే శరత్కాలం పాముల సంత అయిన మర్నాడు నా గది నాకు కావాలి. పెద్దవీ ఉండకూడదు, పిల్లలూ ఉండకూడదు.”

“అమ్ముడుపోని పిల్లలు మిగిలితే?”

“అది నీ గురువుని అడుగు.”

అడిగాను. డ్వేన్ దగ్గర దానికీ సమాధానం ఉంది.

“చెస్టర్ ఉన్నాడుగా. కింగ్ స్నేకులు పెంచుతాడు. అవి పాముల్ని తింటాయి. రంగూ రుచీ లేని పిల్లలన్నీ అక్కడికే పోతాయి. అందరూ చేసేదే, మొహం అలా పెట్టకు.”

మీరు గమనించారో లేదో, ఈ వ్యాపారంలో దేన్నీ వృథా పోనివ్వరు. పర్యావరణానికి ఎంత మంచిది!

ఇక సీజను మొదలైంది. మగపామును తీసి ఆడపాము డబ్బాలో పెట్టాలి. పెట్టాను. అవి రెండూ బస్టాపులో పరిచయం లేని మనుషుల్లా చెరో మూలా చూస్తూ కూర్చున్నాయి. మగది ప్రేమలో పడి తిండి మానేసింది. ఆడది తన సొంత కారణాల వల్ల మానేసింది. వారం వారం ఎలుకను వేడిచేసి, పట్టకారుతో పట్టుకుని వాటి ముందు ఆడించేవాణ్ణి. అవి ఎలుక వంక చూసేవి, నా వంక చూసేవి, తలతిప్పుకునేవి. బాల్ పైథాన్లు నెలల తరబడి ఇలా ఉపవాసం ఉండగలవు, వాటికేం కాదు. చిక్కిపోయేది మనమే. ఆ చలికాలం నా ప్యాంట్లన్నీ వదులైపోయాయి. ఇదీ లాభాల్లో రాసుకోండి.

మంచు బాగా కురుస్తున్న రోజున ఎట్టకేలకు వాటి తోకలు ముడిపడ్డాయి. సరిగ్గా అప్పుడే కొండదారి చివరి ఇంటాయన ఫోన్ చేశాడు, ఫర్నేసు ఆగిపోయింది, ఇల్లంతా గడ్డకట్టుకుపోతోంది, వెంటనే రమ్మని.

“ఇప్పుడు రాలేనండీ. పాములు ముడేసుకున్నాయి. నేను కదిలితే అలికిడికి విడిపోతాయి.”

“ఏవి?”

“పాములండీ.”

ఆయన ఇంకో మెకానిక్‌ను పిలుచుకున్నాడు. ఇప్పటికీ అతన్నే పిలుస్తున్నాడు. నాకు పనిభారం తగ్గింది.

ఆ తరువాత ఆడపాము నడుము ఉబ్బింది. నేను చేసిన హడావుడి అంతా ఇంతా కాదు. డబ్బా ముందు కుర్చీ వేసుకుని, చేతులు కట్టుకుని, కన్నార్పకుండా చూసేవాణ్ణి. లోర్నా గుమ్మంలో నిలబడి నన్ను చూసేది.

“మన పెళ్ళైన ఇన్నేళ్ళలో నా వంక ఒక్కసారైనా అలా చూశావా?”

“నువ్వు గుడ్లు పెట్టలేదుగా,” అన్నాను. శాస్త్రీయంగా అది సరైన సమాధానమే. ఆ రాత్రి భోజనానికి నాకు నూడుల్స్ పెట్టలేదు.

ఆరు గుడ్లు పెట్టింది! తెల్లగా, తోలు సంచుల్లా, ఒకదానికొకటి అతుక్కుని. తల్లి వాటి చుట్టూ చుట్టుకుని కాపలా కూర్చుంటే, మెల్లగా దాన్ని విప్పి, గుడ్లు తీసి పొదిగే పెట్టెలో పెట్టాలి. గరాజ్‌లో మూలపడి ఉన్న పాత ఫ్రిజ్‌కి నేనే వేడి తీగలు బిగించి, అలాంటి పెట్టెగా మార్చాను. ఫర్నేసులవాడికి అదెంత పని? ఒక ఉదయం లోర్నా ఫ్రిజ్జే కదా అని ఆ ఫ్రిజ్‌లో వెన్న పెట్టింది. మధ్యాహ్నానికి అది నూనైంది. ఫ్రిజ్ వేడిగా ఉండటం, ఇల్లు చల్లగా ఉండటం ఆవిడకు చివరి దాకా అర్థం కాలేదు. ఆడవాళ్ళకు టెక్నాలజీ మీద ఆసక్తి తక్కువ.

గుడ్లు పగిలే రోజు రానే వచ్చింది. మొదటి గుడ్డుకు చీలిక పడి, ఒక చిన్న ముక్కు బయటికొచ్చింది. గోధుమరంగు. రెండోది, గోధుమరంగు. మూడు, నాలుగు, ఐదు. గోధుమరంగే, గోధుమరంగే, గోధుమరంగే.

“తెల్లమచ్చలేవయ్యా?” అంది లోర్నా నా భుజం మీదుగా తొంగిచూసి.

“లోపలున్నాయి.”

“మీ అమ్మ నీ గురించి నాతో అదే మాట అంది. ఇన్నేళ్ళైంది, ఇంకా బయటికి రాలేదు.”

ఆరో గుడ్డు చీలలేదు. మర్నాటికీ చీలలేదు. లోపల ఏదో మెల్లగా కదులుతోంది, పైకి పొడుస్తోంది, ఆగిపోతోంది. డ్వేన్‌కు ఫోన్ చేశాను.

“వదిలెయ్. బయటికి రాలేనిది బతికి ఏం చేస్తుంది? పైగా మామూలు రంగే అయ్యుంటుంది.”

నేను ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగేసరికి లోర్నా తన బొంతల కత్తెర పట్టుకుని నిలబడి ఉంది. దారాలు కత్తిరించే చిన్న కత్తెర. ఆ కత్తెరతో నన్ను గోళ్ళు కూడా తీసుకోనిచ్చేది కాదు.

“జరుగు,” అంది. గుడ్డు పైతోలు చిన్నగా కత్తిరించింది. లోపల జిగటలో చూపుడువేలంత లావున్న పాము చుట్టుకుని ఉంది. కాసేపటికి తల బయట పెట్టి, గుడ్డు అంచు మీద గడ్డం ఆనించి, మా ఇద్దర్నీ చూసింది.

“ఆలుగడ్డ ముద్ద మీద పోసే గ్రేవీ రంగు,” అంది లోర్నా. “గ్రేవీ.”

“పేరు పెట్టకూడదు!”

“నేను పెట్టలేదు. రంగు చెప్పానంతే.”

ఇక అమ్మకాలు. మా కౌంటీ మైదానంలో పందుల పోటీలు జరిగే పెద్ద షెడ్డుంది. ఏడాదికి రెండుసార్లు పందుల్ని ఖాళీ చేయించి అక్కడ పాముల సంత పెడతారు. వాసన మాత్రం ఖాళీ చేయదు. బల్లల వరసలు, ప్లాస్టిక్ డబ్బాలు, మొక్కజొన్న పిండిలో ముంచి వేయించిన సాసేజీలు. మీరు ఒక్కసారి ఆ సంతకు వచ్చి చూడాలి! బల్లకు ఇవతల నిలబడ్డవాడు పాములు అమ్మేవాడు. అవతల నిలబడ్డవాడు కూడా పాములు అమ్మేవాడే, తన బల్లను పెళ్ళానికి అప్పజెప్పి వచ్చాడు. అందరూ అమ్మేవాళ్ళే ఐతే కొనేదెవరు అని మీకు సందేహం రావచ్చు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు కొంటారు. ఆ తరువాత వాళ్ళు కొత్తగా మొదలుపెట్టేవాళ్ళ కోసం ఎదురుచూస్తారు. ఎంత చక్కటి ఏర్పాటు!

వచ్చిన ప్రతివాడూ డబ్బా మూతకేసి చూసి ఒకటే ప్రశ్న.

“దీని లోపల ఏముంది?”

మూత మీద నేను రాసే ఉంచాను. ‘తెలుపు ఉండవచ్చు, మూడింట రెండు వంతుల అవకాశం.’ లెక్క డ్వేన్‌ది. లెక్క తప్పు కాదు. మా తాతగారు ఫిడేలు వాయించేవారు. ఆ లెక్కన నా లోపల కూడా ఫిడేలు ఉండవచ్చు. నన్నెవరూ ఆ అవకాశం మీద కచేరీకి పిలవలేదు గానీ, పాముల విషయంలో మనుషులు ఇంకా ఆశావహంగా ఉన్నారు.

ఆ ఆశ మీదే వేసవి సంతలో ఐదు పిల్లలు అమ్ముడుపోయాయి. గ్రేవీ మిగిలింది. చిన్నది, తిండి ఆలస్యంగా పట్టింది, ఎవరు మూత తీసినా బంతైపోతుంది. శరత్కాలం సంత వచ్చేసింది. అదే చివరిది. మర్నాడు గది ఖాళీ చేయాలి. పెద్ద జంటను వెనక్కి తీసుకోవడానికి డ్వేన్ ఒప్పుకున్నాడు. గ్రేవీని ఒప్పుకోలేదు.

“చెస్టర్ ఆ చివర బల్ల దగ్గరే ఉన్నాడు. సాయంత్రం సర్దుకునే ముందు ఇచ్చెయ్,” అన్నాడు.

నేను ఆ చివర వైపు చూడకుండా ఉండటానికి శాయశక్తులా ప్రయత్నించాను. ఒక మామూలు పాము కోసం మెడ ఒక పక్కకే తిప్పుకుని కూర్చోవాల్సి వస్తుందని నాకెవరూ చెప్పలేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకిచ్చే సలహాల్లో ఆ ముక్క ఎక్కడా ఉండదు. లోర్నా నా పక్కన కూర్చుని బొంత ముక్కలు కుడుతోంది. గ్రేవీ డబ్బాను తన కోటు అంచు కిందికి లాక్కుని పెట్టుకుంది, షెడ్డులో గాలి చల్లగా ఉందని.

అప్పుడొచ్చింది విల్మా. మా మెథడిస్టు చర్చిలో ఆర్గాన్ వాయించే పెద్దావిడ, భర్త పోయి ఏడాదైంది. పక్క షెడ్డులో కేకుల పోటీ ఉందనుకుని దారితప్పి వచ్చింది.

డబ్బాలోకి వంగి చూసింది. గ్రేవీ బంతైపోయింది. విల్మా కంగారుపడలేదు. కళ్ళజోడు సర్దుకుని అలాగే నిలబడింది. కాసేపటికి బంతిలోంచి ఒక కన్ను బయటికొచ్చింది.

“ఇదేం తింటుంది?” అని అడిగింది.

నేను తెల్లబోయాను. సంతల్లో నన్ను ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆవిడే.

“చిన్న ఎలుకలమ్మా. వారానికొకటి.”

“కరుస్తుందా?”

“దానికి అంత ధైర్యం లేదు.”

“ఎన్నాళ్ళు బతుకుతుంది?”

“ముప్పై ఏళ్ళు కూడా బతకొచ్చు.”

“అబ్బో! ఐతే నన్ను సాగనంపాకే పోతుంది.” ఆవిడ నవ్వింది. “మా అపార్ట్‌మెంట్‌లో కుక్కలొద్దన్నారు. పిల్లి ఉంటే నాకు తుమ్ములు. పాముల మాట ఎవరూ ఎత్తలేదు. నేను ఇంట్లో పియానో వాయిస్తుంటాను, బెదురుతుందా?”

“చెవులు లేవమ్మా. చెక్క అదిరితే ఒంటికి తెలుస్తుంది, అంతే.”

“ఇచ్చెయ్యి నాయనా, నేను పెంచుకుంటాను.”

అంతే! గండం గడిచింది. డబ్బా ఆవిడ చేతికిచ్చి ఊరుకుంటే సరిపోయేది. కానీ పాములు అమ్మేవాడికి ఒక ధర్మం ఉంటుంది. కొనేవారికి పూర్తి సమాచారం ఇవ్వాలి!

“అమ్మా, ఇంకో సంగతి. దీని లోపల తెలుపు ఉండవచ్చు. ఒక మగపామును కూడా తీసుకున్నారనుకోండి, ఇది ఎదిగేలోపు ఇంకో పెద్ద ఆడదాన్ని కూడా కొని ఉంచుకున్నారనుకోండి...”

లోర్నా సూది ఆపింది. విల్మా శ్రద్ధగా విన్నది. డబ్బా రెండు చేతులతో పట్టుకుని, తలూపుతూ, డ్వేన్ బల్ల ఎక్కడుందో కూడా అడిగి తెలుసుకుని వెళ్ళింది.

“ఆవిడ అడిగింది తిండి గురించి,” అంది లోర్నా. “నువ్వు చెప్పింది సంబంధాల గురించి.”

నేను బల్ల మీది ఖాళీ డబ్బాలు సర్దుకున్నాను. అమ్మకం మెలకువలు ఆవిడకేం తెలుసు?

మొదట్లో విల్మా వారం వారం ఫోన్ చేసేది. “గ్రేవీ ఇవాళ తింది!” అనేది. “నేను కీర్తనలు వాయిస్తుంటే పియానో పక్కకొచ్చి చెక్కకు గడ్డం ఆనించుకుంటోంది వెండెల్, నమ్మవు గానీ.” నేను లోర్నాకు చెప్పేవాణ్ణి. లోర్నా తన గదిలో, తూర్పు కిటికీ దగ్గర, ఏమీ పట్టనట్టు కుట్టుకుంటూ, “ఇంకేమంది?” అని అడిగేది.

తరువాత ఫోన్లు మారాయి. “మగదాన్ని ఎప్పుడు వేయాలి?” “సొరుగులు ఎవరు చేస్తారు?” “డ్వేన్ నారింజ రంగుది ఇస్తానంటున్నాడు, తీసుకోనా?” ఆ తరువాత మానేసింది. తీరికలేక అయ్యుంటుంది.

రెండేళ్ళ తరువాత, మొన్న, నేనూ లోర్నా సాసేజీలు తిందామని పందుల షెడ్డుకు వెళ్ళాం. సాసేజీల కోసమే వెళ్ళాం. నడి వరసలో, అన్నిటికంటే పెద్ద బల్ల వెనక, ఆకుపచ్చ చొక్కా మీద సొంత కంపెనీ పేరు కుట్టించుకుని విల్మా నిలబడి ఉంది! డ్వేన్ ఆవిడ డబ్బాలు మోస్తున్నాడు. చూశారా నేను చెప్పిన ఒక్క మాట ఎంత పని చేసిందో! ఒంటరి ముసలావిణ్ణి పారిశ్రామికవేత్తను చేశాను. ఈ రాష్ట్రంలో ఏ ప్రభుత్వ పథకం ఈ పని చేయగలదు?

“పియానో ఎలా ఉందమ్మా?” అన్నాను.

“ఇచ్చేశాను నాయనా. సొరుగులకు చోటు చాల్లేదు.”

“గ్రేవీ?”

“ఎవరు?”

“గ్రేవీ. మా దగ్గర తీసుకున్నది.”

“పేర్లు గుర్తుండవయ్యా. నంబరు చెప్పు.”

నాకు నంబరు తెలియదు. లోర్నా నా పక్కనుంచి ముందుకు జరిగి, ఒక్కొక్క డబ్బా మూతా ఎత్తి చూడసాగింది. పసుపు, నారింజ, మచ్చలు, చారలు. బల్ల చివర, అంచున, ఒక డబ్బా ఉంది. మూత మీద ‘తెలుపు ఉండవచ్చు’ అని రాసి, కొట్టేసి ఉంది. లోపల గోధుమరంగు బంతి. ఎదిగింది, కానీ వెన్నెముక పైకి కనబడుతోంది. చెస్టర్ బల్ల అక్కడికి రెండడుగుల దూరంలో ఉంది.

లోర్నా మూత తీసి, చేయి లోపల పెట్టి, అలాగే ఉంచింది. చాలాసేపటికి బంతిలోంచి ఒక కన్ను బయటికొచ్చింది.

“అదా?” అంది విల్మా. “మంచి సరుకు కాదమ్మా అది. మీ దగ్గర దానికి జతగా ఏముంది?”

“ఏమీ లేదు,” అన్నాను. “ఇది సరిగ్గా తింటోందా లేదా, అది చెప్పండి చాలు. ఆఖరుసారి ఎప్పుడు తింది?”

విల్మా కళ్ళజోడు సర్దుకుంది. నన్ను ఎగాదిగా చూసింది. ఆవిడ మొహంలో జాలి, ఓపిక, మంచి గిరాకీ దొరికిన సంతోషం అన్నీ కలిసి కనబడ్డాయి. ఇంత అనుభవం ఉన్న మనుషులు అడగని ప్రశ్న కదా మరి!

“మళ్ళీ కొత్తగా మొదలుపెడుతున్నావా నాయనా?”

“అవునమ్మా,” అన్నాను. “బొత్తిగా కొత్త.”

“ఐతే ఇలా రా, దీంతోపాటు నీకో మగదాన్ని చూపిస్తాను,” అని ఆవిడ సొరుగు లాగింది.

గ్రేవీకి ఆవిడ అడిగినంత డబ్బు బల్ల మీద పెట్టి నేను వెనక్కి తిరిగేసరికి, లోర్నా గ్రేవీని కోటు లోపల పెట్టుకుని, గుండీలు మెడదాకా బిగించుకుని, అప్పటికే తలుపు దాటుతోంది.